క్లివోన్ నాడు ఫోన్లకు సెలవు

జూన్ 5, సోమవారం

తప్పు జరిగింది. చేసింది పాక్ వస్కితో.

కరపత్రం ఇలాగే మొదలుపెడతాను. మొదటి వాక్యంలో నేరం, రెండో వాక్యంలో నేరస్తుడు. మర్యాదలేవైనా ఉంటే మూడో వాక్యం నుంచి. 'పాక్' మాత్రం, మా జావాలో 'గారు' లాంటిది, అలవాటుకొద్దీ ముందే పడిపోయింది.

పొద్దున్నే ఆయన ఉత్తరం అందరికీ వచ్చింది. మేం కొందరం ఆయన పెద్దరికంలో రాసే ఫోన్ సాఫ్ట్‌వేర్ దమర్ ఇక ముప్ఫై రెండు బిట్ల పాత ఫోన్ల మీద నడవదట. ఈ నెలాఖరుతో సరి. రెండు నెలలుగా ఆ ఫోన్లు ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతున్నాయి, ఎంత వెతికినా కారణం దొరకలేదు, తనకు అరవై రెండేళ్లు వచ్చాయి, కళ్లు సహకరించడం లేదు. కాబట్టి ఆ చోటు కొత్తగా వచ్చిన ప్రాసెసర్‌కి ఇస్తున్నాడట. ఏ కంపెనీ సొత్తూ కాని ప్రాసెసర్.

దాని గురించి రెండేళ్లుగా అరుస్తున్నది నేనే. ఇందుకోసమా అరిచాను?

కరపత్రం మొదటి ప్రతి:

"బందర్‌హర్జో పొగ కొట్టాల్లో చేపలు కాల్చే తల్లులారా, మీ చేతుల్లోని పాత ఫోన్లలో దమర్ ఉంది. కంపెనీలు ఈ ఫోన్లను చెత్తబుట్టకు రాసిచ్చాక వీటిని బతికించింది దమరే. అందులో అన్నిటికన్నా అడుగున సి లైబ్రరీ ఉంటుంది. ఏ యాప్‌కి మెమరీలో చోటు కావాలన్నా, ఫైలు తెరవాలన్నా, చివరికి టైమెంతో తెలియాలన్నా దాన్నే అడగాలి. అది ఇంట్లో అమ్మ లాంటిది. అన్నీ సమయానికి అందుతున్నన్నాళ్లూ ఎవరికీ కనపడదు. ప్రాసెసర్లలో నాలుగు జాతులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో భాష. ఈ అమ్మ నాలుగు భాషల్లో మాట్లాడుతూ ఒకటే అన్నం పెట్టాలి. ఇప్పుడు చిన్న జాతికి అన్నం లేదంటున్నారు."

అన్నం మాట దగ్గర ఆగి నాకు నేనే రెండుసార్లు చదివి వినిపించుకున్నాను. బాగా వచ్చింది.

కాలేజీ మెట్లెక్కకపోయినా కరపత్రం ఎలా రాయాలో నాకు తెలుసు. కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రపంచాన్ని మార్చాలనుకున్నవాళ్లంతా నా మెషిన్ దగ్గరికే రావాలి. ఒక్కో కాపీ ఎక్కువ తీసి ఉంచుకుంటాను.

జూన్ 6, మంగళవారం

కోపం తగ్గలేదు. తగ్గితే రెండో పేజీ రాయలేను కాబట్టి మంచిదే.

జూన్ 7, బుధవారం

కరపత్రం ముందు ప్రజలకు చదివి వినిపించాలి. ప్రజలంటే ప్రస్తుతానికి మా అమ్మకి అక్క కార్సిని. పెద్దమ్మని మేం బుడే అంటాం. కొబ్బరి చిప్పల నిప్పు మీద చేప తలలు పేర్చుకుంటూ ఉంది. పొగకి నా కళ్లు మండాయి, ఆమెకేమీ కాలేదు.

"చదువు నాయనా. చేతులకు పనుంది గానీ చెవులు ఖాళీయే" అంది.

చదివాను.

"అమ్మ లాంటిదన్నావు, బాగుంది. ఈ వస్కితో అంటే, నిరుడు నా ఫోన్ తన చేత్తో బాగుచేసి, చేప ఇస్తే వద్దు వద్దంటూ మూడు తలలు పట్టుకెళ్లినాయనేనా?"

"ఆయనే. కానీ నేను మనిషిని అనడం లేదు బుడే. విధానాన్ని అంటున్నాను."

"విధానం పేరు వస్కితో అని రాశావు మరి."

మాట మార్చాను. ఆమె ఫోన్ ఎన్నిసార్లు హ్యాంగ్ అయిందని అడిగాను. ఎక్కువ చెబితే రెండో పేజీలో వేసుకోవచ్చు.

"ఉపవాసాల నెలలో రెండుసార్లు పోయింది. సోలో ఊరి నుంచి ఒక హోటలాయన అరవై తలలు కావాలని మెసేజ్ పెట్టాడు, అది లోపలే ఉండిపోయింది. అరవై తలలూ మేమే తిన్నాం. రెండుసార్లూ క్లివోన్ దగ్గర్లోనే. అప్పట్నుంచి క్లివోన్ వస్తే పొద్దున్నే స్విచాఫ్ చేసి బియ్యం డబ్బా మీద పెడతాను. మధ్యాహ్నం లేపుతాను. మళ్లీ పోలేదు. ఈ వీధిలో ముప్ఫై ఒక్కమందిమీ అంతే చేస్తున్నాం."

"ఎవరిదీ పోలేదా?"

"దయ్యాలు తిరిగే రోజున దానికీ కాస్త విశ్రాంతి ఉండాలి కదా."

రెండో పేజీకి ఇంకో విషయం దొరికింది. రాశాను: "క్లివోన్ అంటే ఐదు రోజులకొకసారి తిరిగొచ్చే సంత రోజుకు మన తాతలు పెట్టుకున్న పేరు. అంతే. దానికి యంత్రాలను ఆపే శక్తి లేదు. పీడితుల చేతిలో శాస్త్రం లేకపోతే ఇలాంటి మూఢనమ్మకాలే మిగులుతాయి."

జూన్ 8, గురువారం

క్లివోన్. బుడేకి ఫోన్ చేశాను. స్విచాఫ్.

జూన్ 10, శనివారం

దమర్‌లో నాతో పనిచేసే వెనింగ్ కౌంటర్‌కి వెళ్లాను. అది ఫోన్ రిపేర్ కౌంటర్. దమర్ పరీక్షలన్నీ వెనింగే చూస్తుంది. పద్నాలుగు పాత ఫోన్లు గోడకి వేలాడుతుంటాయి, రోజూ పొద్దున వాటికి కొత్త వెర్షన్ ఎక్కిస్తుంది.

"విప్లవం ఎన్ని పేజీలొచ్చింది?"

"రెండు."

"ఎక్కడ తప్పుందో రెండో పేజీలోనైనా ఉందా?"

"తప్పు వెతకడం ఆయన పని."

"లైబ్రరీలో రాసే హక్కు ఆయన తర్వాత ఒక్కరికే ఇచ్చారు, మస్ సెతో." నాకంటే మూడు నెలలు పెద్దది. వెక్కిరించాలనుకున్నప్పుడే నన్ను అన్నగారిని చేస్తుంది. "బయట వందల ఫోన్లు పోతున్నాయి. నా గోడ మీద ఒక్కటీ పోలేదు. నీకు వింతగా లేదూ? ఉపవాసాల నెలలో ఏం మార్చాం?"

"ఏమీ లేదు."

నిజానికి నేను కోడ్‌లో ఒక వరస తీసేశాను. అది మార్పు కాదు, న్యాయం. ఫోన్‌లో లేచే ప్రతి చిన్న పనికీ వరసగా ఒక నంబరు పడుతుంది. పెద్ద ఫోన్లలో ఆ నంబర్లు నలభై లక్షల దాకా పోవచ్చు. ముప్ఫై రెండు బిట్ల చిన్న ఫోన్లలో మాత్రం అరవై ఐదు వేల చిల్లర దగ్గర ఆగి, మళ్లీ మొదటికి రావాలని పాక్ వస్కితో ఎప్పుడో గీత గీశాడు. పక్కన "కదపవద్దు" అని రాశాడు. ఎందుకో రాయలేదు. పేదవాడి ఫోన్‌కే గీత ఎందుకు? పైగా, ఆయనకు చూపించాకే తీశాను. "మంచి ప్రయత్నం. నిదానంగా ఆలోచిద్దాం" అని జవాబు రాశాడు. నిదానంగా ఆలోచించాను. సాయంత్రానికి తీసేశాను.

దానికీ దీనికీ సంబంధం లేదు.

జూన్ 11, ఆదివారం

ఉంగారన్ వెళ్లి పాక్ వస్కితోని ఆయనింట్లోనే నిలదీశాను. వరండాలో పంజరంలో గువ్వ, బల్ల మీద టీ, వేడి సోయా తెంపె బజ్జీలు. శత్రువు ఇంట్లో తినకూడదని బస్సులోనే నిర్ణయించుకున్నాను. నాలుగు తిన్నాను.

కరపత్రం మొత్తం ఆయన ముందే చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"జాతులు నాలుగన్నావు. కొత్తదాంతో ఐదు" అన్నాడు.

"మీరు పేదల నోటి దగ్గర కూడు తీస్తున్నారు పాక్."

"అలాగే కనపడుతుంది. టీ చల్లారుతోంది, తాగు."

"రెండు నెలలు వెతికానంటారు. సరిగ్గా వెతికారా?"

"మెమరీ వెతికాను, గడియారం వెతికాను, ఫైళ్లు వెతికాను. మొదటి అనుమానం, ఫోన్‌లో పనులు ఒకదాన్నొకటి తొక్కకుండా వేసుకునే తాళాల మీదే రావాలి. కానీ అక్కడ గీత ఉంది కదా. అందుకని అటు చూడలేదు."

ఏ గీత అని నేను అడగలేదు. చర్చ పక్కదారి పట్టకూడదని.

వచ్చేటప్పుడు మిగిలిన బజ్జీలు పొట్లం కట్టిచ్చాడు. ఆ పొట్లంతో నా నోరు మూయించాలని చూశాడని బస్సులో తింటుండగా అర్థమైంది.

జూన్ 13, మంగళవారం

ఈ రోజూ క్లివోనే. వీధిలో ముప్ఫై ఒక్క ఫోన్లూ బియ్యం డబ్బాల మీద నిద్రపోతున్నాయి. మసీదు చూసుకునే పాక్ రొహ్మద్ మాత్రం ఇలాంటి పట్టింపులు మతానికి విరుద్ధమని తన ఫోన్ ఎప్పుడూ ఆపడు. నాకు ఆయన మీద గౌరవం. ఆయన ఫోన్ నిన్న హ్యాంగ్ అయింది. అంతకుముందు హ్యాంగై ఆన్ చేసి తొమ్మిది రోజులే అయిందట.

బుడే నా అన్నంలో ఒక చేప ముక్క ఎక్కువ వేసింది.

జూన్ 14, బుధవారం

ఈ నమ్మకాన్ని శాస్త్రీయంగా పూడ్చిపెడతాను. నా దగ్గరున్న రెండు పాత ఫోన్లూ పొద్దున ఏడింటికి ఒకేసారి ఆన్ చేశాను. ఒకటి క్లివోన్ నాడు ఆపుతాను, రెండోది ఆపను. రెండూ ఒకేలా నడుస్తాయి. అప్పుడు కరపత్రానికి మూడో పేజీ.

వెనింగ్‌కి చెబితే, "రోజూ ఏమేం పెరుగుతున్నాయో రాసిపెట్టు. మెమరీ, వేడి, పనుల నంబరు" అంది. మొదటి రెండూ అర్థమయ్యాయి. మూడోది ఎందుకన్నాను. "ఊరికే" అంది.

జూన్ 17, శనివారం

మెమరీ మామూలే. వేడి మామూలే. నంబరు ఇరవై రెండు వేలు. రోజుకి ఏడు వేల పైచిలుకు.

జూన్ 18, ఆదివారం

క్లివోన్. మొదటి ఫోన్ పొద్దున ఆపాను, మధ్యాహ్నం లేపాను. దాని నంబరు మళ్లీ మొదటికి వచ్చింది. రెండోది ఆపలేదు. రెండూ ఒకేలా నడుస్తున్నాయి, నేను చెప్పినట్టే.

జూన్ 19, సోమవారం

మొదటి కరపత్రం రెండు వందల కాపీలు తీసి బందర్‌హర్జోలో పంచాను. అందరూ తీసుకున్నారు. ప్రజలు సిద్ధంగా ఉన్నారు.

నంబరు చూడలేదు. పనుంది.

జూన్ 21, బుధవారం

మెమరీ మామూలే. వేడి మామూలే. నంబరు యాభై ఒక్క వేలు.

హ్యాంగ్ అయితే అది ప్రాసెసర్ చేసిన కంపెనీ తప్పు కూడా కావచ్చు. అలాంటివి చాలా జరిగాయి. కరపత్రాల్లో చదివాను.

జూన్ 22, గురువారం

యాభై ఎనిమిది వేల ఐదు వందలు.

ఈ సాయంత్రం ఆ ఫోన్ ఒక్కసారి ఆపితే ఎవరికీ తెలియదు. పక్కనున్న మీట మీద వేలు పెట్టి, లోపల టీ కాగేంత సేపు అలాగే నిలబడ్డాను. ఆపలేదు. ఇది ధైర్యమో, ఇంకా నేనే గెలుస్తానన్న నమ్మకమో రాయను.

జూన్ 23, శుక్రవారం

శుక్రవారమూ క్లివోనూ కలిసి వచ్చిన రోజు. దయ్యాలకు ఇంతకంటే పెద్ద పండుగ లేదంటారు. నా ఫోన్ పొద్దున ఎనిమిది దాటాక వెనింగ్ కౌంటర్ మీద, ఇద్దరం చూస్తుండగా, హ్యాంగ్ అయింది. నంబరు అరవై ఐదు వేల తొమ్మిది వందల చిల్లర. క్లివోన్‌కోసారి విశ్రాంతి తీసుకుంటున్న ఫోన్, ఈ రోజు నేనింకా ఆపకముందే, దాని పక్కనే హాయిగా పాట పాడుతోంది.

వెనింగ్ నవ్వలేదు. దానికే భయమేసింది.

కేబుల్ పెట్టి లోపలికి చూశాం. పని నంబరు 65,948 ఒక తాళం వేసుకుంది. తాళం వేసినవాడు తన నంబరు దాని చీటీ మీద రాయాలి, తీసేటప్పుడు ఆ చీటీ చూపించాలి. పెద్ద ఫోన్లలో తాళానికి చోటెక్కువ, చీటీ పెద్దది. చిన్న ఫోన్లలో తాళం మొత్తానికే నాలుగు బైట్లు. ఆ చీటీ మీద 65,535 దాటిన నంబరు పట్టదు. 65,948 రాస్తే 412 మాత్రమే మిగులుతుంది. వాడు పని ముగించి తిరిగొచ్చి తాళం తీయబోతే, "నువ్వు 412 కాదు, పో" అంటుంది. తన తాళం తనకే రాదు. వెనక వరస కట్టినవాళ్లంతా అక్కడే నిలబడిపోతారు. బుడే అరవై తలల మెసేజ్ అలా నిలబడిపోయిందే.

"చీటీ పెద్దది చేస్తే?" అన్నాను.

"ఇదివరకే తయారైన యాప్‌లన్నీ ఈ కొలత నమ్ముకునే ఉన్నాయి. చీటీ పెంచితే అన్నీ కూలతాయి. అందుకే ఆయన నంబర్లకి గీత గీశాడు." తన గోడ వైపు చూసింది. "నా ఫోన్లు రోజూ పొద్దున ఆగి లేస్తాయి. ఒక్కటీ ఎనిమిది వేలు దాటి బతకలేదు. నేను పరీక్షించింది వాటి బాల్యం."

తర్వాత, "ఆ వరస ఎవరు తీశారో చూద్దామా?" అంది.

"వద్దు."

"నాకు తెలుసు, నీకూ తెలుసు. చూద్దామా అనడం మర్యాదకి."

చూశాం. మార్చి 28, సాయంత్రం ఐదూ ఇరవై. ఉపవాసం విడవడానికి అరగంట ముందు. ఆకలి మీద చేశానని రాద్దామనుకున్నాను. కానీ మార్పు కింద నేనే వివరం రాశాను, ఆకలి మీద ఉన్నవాడు రాసినట్టు లేదు: "అన్ని యంత్రాలూ సమానం."

జూన్ 24, శనివారం

పాక్ వస్కితోకి ఫోన్ చేశాను.

"పాక్, గీత లేదు."

"ఏ గీత?"

"తాళాల గీత. మార్చిలో నేను తీసేశాను."

ఫోన్‌లో కుర్చీ జరిపిన చప్పుడు, గువ్వ కూత వినిపించాయి.

"నేను వద్దన్నాను కదయ్యా."

"మీరు మంచి ప్రయత్నం అన్నారు."

"అవును. అంతకంటే గట్టిగా ఎలా అనను?"

నేనూ జావా తల్లి కడుపునే పుట్టాను. మా అమ్మ "చూద్దాంలే" అంటే ఆ బొమ్మ ఈ జన్మకి రాదని మూడేళ్లప్పుడే తెలుసు. లైబ్రరీలో మాత్రం మనుషులు అనుకున్నదే అంటారని ఎందుకనుకున్నానో. ఆయన వద్దన్నానని నిశ్చింతగా ఉన్నాడు, నేను సరేనన్నాడని నిశ్చింతగా ఉన్నాను. మధ్యలో ఫోన్లు పోయాయి.

"ఎందుకు కదపకూడదో పక్కన ఒక్క ముక్క రాసుంటే పాక్?"

"అందరికీ తెలుసనుకున్నాను."

"అందరూ అంటే?"

"నేనూ, ఇంకొకాయనా. ఆయన పోయి ఆరేళ్లయింది."

గీత తిరిగి పెడతానన్నాను, ఉత్తరం వెనక్కి తీసుకోమన్నాను.

"మంచి ఆలోచన. నిదానంగా చూద్దాం."

ఈసారి విన్నాను. "వద్దనే కదా పాక్?"

"వద్దనే" అన్నాడు. అనేశాక గొంతు తేలికపడింది. "రెండు నెలలు, తప్పు లేని చోటల్లా వెతికానయ్యా. రేపు ఇంకేదో పోతే మళ్లీ నేనే వెతకాలి. చాలు."

"ముప్ఫై రెండు బిట్ల భాగం నాకివ్వండి. పోతే నేనే వెతుకుతాను. ఇప్పుడు నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు. నాతోనే."

ఆయన నవ్వాడనుకుంటాను. రెండు షరతులు పెట్టాడు. గీత తిరిగి పెట్టిన వెర్షన్‌తో ముప్ఫై ఫోన్లు, మనుషులు రోజూ వాడుకునేవి, పది రోజులు ఒక్కసారి కూడా ఆపకుండా నడవాలి. జూలై ఎనిమిది దాకా ఆగుతాడు. ఇక రెండోది, ఫోన్లు పోయినవాళ్లకు ఏం జరిగిందో నేనే చెప్పాలి.

"కరపత్రం నువ్వు బాగా రాస్తావు కదా" అన్నాడు.

దానికి అర్థమేమిటో అడగలేదు.

జూన్ 25, ఆదివారం

ముప్ఫై ఫోన్లు ఒక్కచోట ఉన్నది బందర్‌హర్జోలోనే. పది రోజుల్లో రెండు క్లివోన్లు వస్తాయి, ఇరవై ఎనిమిదిన ఒకటి, మూడో తేదీన ఒకటి. ఆ రెండు రోజులూ ఎవరూ ఫోన్ ఆపకూడదు.

బుడే చేపలు పొట్లాలు కడుతోంది. కాగితం ఎక్కడో చూసినట్టుంది. చూస్తే "తల్లులారా" అని ఉంది.

"దళసరి కాగితం. నూనె దిగడం లేదు" అని మెచ్చుకుంది.

విషయం చెప్పాను, ఫోన్లు పోయింది నా వల్లేనని కూడా.

"ఆపితే బతుకుతోంది. ఇప్పుడు ఆపొద్దంటావు. ఎవరి మాట మీద?"

"నా మాట మీద."

"నీ మాట మీదే కదా పోయింది."

చీటీ గురించీ 412 గురించీ నేనింకా మొదలుపెట్టనేలేదు. ఆమెకు అవసరం లేకపోయింది.

"ఇది పోతే సోలో ఆర్డర్లు పోతాయి, ఆపేస్తే వచ్చే ఎనిమిదో తేదీకి నీ పెద్దాయన చేతిలో ఎలాగూ పోతుంది. అంతేనా? నా ఫోన్ ఆపను. మీ అమ్మ మొహం చూసి. మిగతా ముప్ఫైమందీ నీ మొహం చూడాలి. రప్పించి చెప్పు. కూర్చుని కాదు, నిలబడి చెప్పు."

"తిడతారా?"

"చేపలు కోసే ఆడవాళ్లు. ముద్దులాడతారా?"

జూన్ 26, సోమవారం

గీత తిరిగి పెట్టాను. ఈసారి ఎందుకో పక్కన తొమ్మిది వరసలు రాశాను. వెనింగ్ చదివి, ఎనిమిది చాలంది. తొమ్మిదోదాంట్లో నా పేరుంది. ఉంచాను.

కరపత్రం. ఒక్క పేజీయే వచ్చింది:

"తప్పు జరిగింది. చేసింది సెతో, బుడే కార్సిని చెల్లెలి కొడుకు.

ఉపవాసాల నెల నుంచి మీ ఫోన్లు హ్యాంగ్ అవడానికి కారణం క్లివోన్ కాదు, పాక్ వస్కితో కాదు. ఎందుకుందో తెలుసుకోకుండా నేను చెరిపేసిన ఒక గీత. పది రోజులు ఆగకుండా నడిచిన ఫోన్ ఆ గీత దాటి పడిపోతోంది. మీరు ఐదు రోజులకోసారి ఆపారు కాబట్టి మీవి బతికాయి. గోడకి వేలాడే పద్నాలుగు ఫోన్లతో మేం పట్టుకోలేనిది మీరు బియ్యం డబ్బాలతో పట్టుకున్నారు. పోయిన కాగితంలో దాన్ని నేను మూఢనమ్మకం అన్నాను. ఆ కాగితం ఇప్పుడు ఏ పనికి వాడుతున్నారో చూశాను. సరైన పనే.

గీత తిరిగి పెట్టాం. అది నిలబడుతుందని చూపించకపోతే ఈ ఫోన్లకి ఇక దమర్ ఉండదు. చూపించాలంటే ముప్ఫై ఫోన్లు కావాలి, అవి మీవే.

రేపు, మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలకు, నిప్పులార్పాక, బుడే కార్సిని పొగ కొట్టం ముందు. పోటుకి సముద్రం వీధిలోకి వచ్చేస్తే వెనక మెట్ల మీద. ఫోన్, ఛార్జర్ తీసుకురండి. కొత్త వెర్షన్ ఎక్కించడానికి వాటిని ఒక్కసారి ఆపుతాం, అదే ఆఖరు. ఎల్లుండి క్లివోన్ నాడు ఎవరూ ఫోన్ ఆపవద్దని అడగడానికే మిమ్మల్ని పిలుస్తున్నాను. ఇష్టం లేకపోతే 'చూద్దాంలే' అనండి చాలు, నాకిప్పుడు అర్థమవుతుంది. కాకపోతే వచ్చి, నా మొహం మీద అనండి. నేను నిలబడే ఉంటాను. నాలుగింటికి."